గ్రెక్స్‌ను 'మంద' అంటే తప్పేంది?

హనుమకొండలో ఒక నర్సరీ నుంచి వాండా ఆర్కిడ్ తెచ్చుకున్న. కుండీకి కట్టిన చీటీ మీద మూడు మాటల పేరు, చివరి మాట ఒక్కటే ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంది. ఎందుకని వెతుకుతుంటే 'గ్రెక్స్' అనే మాట తగిలింది. లాటిన్‌లో దానికి అర్థం మంద. రెండు ఆర్కిడ్లను కలిపితే పుట్టిన పిల్లలన్నిటికీ కలిపి ఒకటే పేరు, అదే గ్రెక్స్. ఏది తల్లి, ఏది తండ్రి అన్నది తారుమారైనా పేరు మాత్రం మారదు. దీన్ని ఒక వ్యాసంలో 'సంకర సమూహనామం' అని రాసిన్రు. చదివితే పంటి కింద రాయి పడ్డట్టుంది. గొర్ల మందలు చూస్తూ పెరిగినోళ్లం, 'మంద' అంటే సరిపోదా?

— సరిపోతది అన్నా. మందలో ఒక గొర్రెకు మెడల గంట కడతరు చూడు, ఆ కొటేషన్ గుర్తులు అట్లాంటివే. సింగపూర్ జాతీయ పుష్పాన్నే తీసుకో. మిస్ జోకిం అనేది మంద పేరు, అందులో ఏరి పెట్టుకున్న మొక్క 'ఆగ్నెస్'. తరువాత దాని తల్లినీ తండ్రినీ వాండా నుంచి తీసి పాపిలియోనాంథె ప్రజాతిలో వేసిన్రు. ముందుండే ఇంటిపేరు పోయింది, మిస్ జోకిం మాత్రం అట్లనే ఉంది.

— ఈ మంద పేర్లు లండన్‌ల నమోదు చేస్తరంట కదా, మరి అడవిల కొత్త ఆర్కిడ్ దొరికితే కూడా అక్కడికే రాయాల్నా?

— లేదు తమ్మీ, అక్కడే అందరూ కలగాపులగం చేస్తరు. లండన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నమోదు చేసేది మనుషులు కలిపిన హైబ్రిడ్లనే, అదీ పూసినంక, తల్లిదండ్రుల పేర్లు రాసి ఇస్తేనే. అడవిల దొరికిన కొత్త జాతికి దరఖాస్తు ఉండదు. వర్ణన అచ్చు వేయాలి, ఎండబెట్టిన నమూనా ఒకటి హెర్బేరియంలో దాచాలి, పేరు ఖాయమయ్యేది దానితోనే. వర్ణన లాటిన్‌లోనే ఉండాలనే నియమం 2011తో పోయింది, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్ కూడా చెల్లుతది. తెలుగు ఇంకా చెల్లదు, ఆశపడకు.

— చిన్న సవరణ, పెద్దదాన్ని కాబట్టి చెప్తున్న. 'వాండా' మనకు పరాయి మాటేం కాదు, సంస్కృత 'వందా' నుంచే పోయింది. వందా అంటే మన బదనిక. అయితే బదనిక చెట్టు రసం తాగుతది, వాండా కొమ్మ మీద కూసుంటది అంతే. పేరు మాత్రం అదే తగిలించిన్రు.

— అక్కా, మా ఇంటి మామిడి మీద ఉన్నది బదనికనే అనుకొని నాయిన పోయినేడు పీకేసిండు. ఆకులు సన్నగ, దళసరిగ, వేర్లు తెల్లగ గాలిల వేలాడేవి...

— అయ్యో, అది వాండానే తమ్మీ.