‘అక్యుమెన్’కు కుశాగ్రబుద్ధి సరిపోతుందా?

పదాలపిచ్చి:
ఒక వ్యాసం అనువాదం చేస్తున్నాను. ‘బిజినెస్ అక్యుమెన్’ దగ్గర ఆగిపోయి, చివరికి ‘వ్యాపారంలో కుశాగ్రబుద్ధి’ అని రాశాను. కుశాగ్రం అంటే దర్భ మొన. లాటిన్‌లో అక్యుమెన్ అన్నా మొనే. అసలు ‘అగ్ర’, ‘అక్యు’ ఒకే మూలంలోంచి వచ్చాయేమో అనిపిస్తోంది. మీరేమంటారు?

నుడికారం:
అర్థం కలిసింది, ఒప్పుకుంటాను. చుట్టరికం మాత్రం లేదండీ. చెవికి దగ్గరగా వినిపించే మాటలు చాలాసార్లు ఇలాగే మోసం చేస్తాయి. లాటిన్ ‘క’కు బదులు సంస్కృతంలో ‘శ’ కనిపించే జంటలు ఎన్నో ఉన్నాయి: డెకెమ్–దశ, కెంటుమ్–శత, ఎక్వుస్–అశ్వ. అక్యుమెన్‌లోని ‘అక్’ కూడా ఆ కోవదే. కాబట్టి వెతకాల్సింది ‘అశ్’తో మొదలయ్యే మాట. అది ‘అశ్రి’, అంటే అంచు, మూల. చతురస్రంలో ఉన్నది ఈ మాటే! చివరి ‘మెన్’ కూడా మనకు కొత్త కాదు, ‘కర్మన్’లోని ‘మన్’కు అది తోబుట్టువు.

పదాలపిచ్చి:
చతురస్రం సంగతి నాకు తెలియదు. ‘అగ్ర’ వదిలేస్తున్నాను. అర్థం కలిసింది కాబట్టి అనువాదం ఉంచవచ్చు కదా?

ఆకురాయి:
నా అభ్యంతరం అనువాదం మీదే. దర్భ మొన పుట్టుకతోనే వాడి, దాన్ని ఎవరూ సానపట్టరు. అక్యుమెన్ వచ్చింది ‘అకుఎరె’ అనే క్రియ నుంచి, అంటే పదును పెట్టడం. మనకు సరిగ్గా అలాంటి మాటే ఉంది: నిశితం. నిశితం అంటే సానపట్టినది. ఒకరికి వ్యాపారంలో అక్యుమెన్ ఉందంటే చటుక్కున లెక్క కడతారని కాదు. ఏ బేరం నిలుస్తుందో, ఏది మునుగుతుందో ముందే పసిగడతారని. ఆ చూపు పనిలో పడి నలిగితేనే వస్తుంది.

నుడికారం:
మీ మాట నచ్చింది కానీ, వ్యుత్పత్తితో దాన్ని నిరూపించలేం. లాటిన్‌లో ఈటె మొననూ అక్యుమెన్ అన్నారు, తేలు కొండినీ అన్నారు. కొండికి సాన ఎవరు పట్టారు? ఇప్పటికీ వృక్షశాస్త్రంలో రావి ఆకులా కొస సాగి సన్నబడితే ‘అక్యుమినేట్’ అంటారు. మొన అర్థం అక్కడ బతికే ఉంది. బుద్ధి అర్థం కూడా లాటిన్‌లోనే ఉంది, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చాక కొత్తగా పుట్టింది కాదు. కాబట్టి తేల్చాల్సింది వాడుకే. ఇంగ్లీషులో ఈ మాట ముందు ఎక్కువగా ఏదో ఒక రంగం పేరు ఉంటుంది: వ్యాపారం, రాజకీయం, న్యాయం. ఆ కారణంతో నేనూ ‘నిశిత’ వైపే.

పదాలపిచ్చి:
‘వ్యాపారంలో నిశితదృష్టి’ అని మార్చాను. చదువుతుంటే హాయిగానే ఉంది. అదే వ్యాసంలో చెప్పగానే లెక్క పట్టేసే ఒక చిన్నపాప ఉంది, కుశాగ్రబుద్ధి ఆ పాపకు ఇచ్చేశాను.