శుభలేఖలో చింత ఎందుకుంది?

గోదావరి గట్టు: జకార్తాలో నాతో పనిచేసిన జావా అమ్మాయి నిరుడు ఫోనుకు తన శుభలేఖ పంపింది. పూలతీగల మధ్య ఒక కవితాపాదం ఉంది. సగమే గుర్తుంది: ‘ఆకు ఇఙిన్ మెన్‌చింతాయిము దఙన్...’ చివరి మాట ఎంతకీ అందడం లేదు. మధ్యలో వినిపిస్తున్నది మన చింతేనా? పెళ్లి పిలుపులో దిగులెందుకు?

తాటాకు: చివరి మాట ‘సెదర్‌హన’. ఇండొనేషియా కవి సపార్ది జోకో దమోనో 1989లో రాసిన కవిత తొలి పాదం అది. ‘నిన్ను నిరాడంబరంగా ప్రేమించాలని ఉంది’ అని. అక్కడి యువజంటలు శుభలేఖల మీద ఇష్టంగా వేయించుకుంటారు. చింత సంస్కృతం నుంచి వెళ్ళిందే, కానీ అక్కడ దాని అర్థం ప్రేమ. సెదర్‌హన మన ‘సాధారణ’.

నెమలీక: సాధారణ అయితే హకారం రేఫ తరువాతకు ఎలా వచ్చింది? నాకు ‘సాదర’మే మూలమనిపిస్తోంది. ప్రేమ పక్కన ఆదరం ఉండటమే అందం.

తాటాకు: అందం సరే, ఆదరంలో హకారమే లేదు కదండీ! ధకారంలోని హకార ధ్వని విడిపోయి రేఫను దాటింది. వర్ణవ్యత్యయం, అంటే మాటలో ధ్వనులు చోట్లు మార్చుకోవడం. వారణాసి బనారస్ కాలేదా?

చుక్కాని: హకారాన్ని కాసేపు పక్కన పెట్టండి. చింత సముద్రం దాటాక ప్రేమగా మారిందంటే నేను ఒప్పుకోను. పోతన చూడండి: ‘అంబుజోదర దివ్య పాదారవింద చింతనామృత పాన విశేష మత్త చిత్తము’. ప్రహ్లాదుడిది దిగులా? ఎవరి మీద మనసుంటే వారినే తలుచుకుంటాం, ఆ తలపే చింత. చింతన, అమృతం, పానం, మత్తు, చిత్తం అంటూ ఒక్కో మాటా ముందుదాని కంటే లోతుకు తీసుకుపోతుంది. ఆ సీసం ఎత్తుగీతి దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నెమలీక: పోతన అన్నది చింతన, చింత కాదు. ఒక్క ‘న’తో అర్థం తిరిగిపోతుంది. చితికీ చింతకూ సున్నా ఒక్కటే తేడా అన్న శ్లోకం మరిచారా? బతికుండగా కాల్చేది చింత.

చుక్కాని: ధాతువు ఒకటే. పైగా ప్రేమ కాల్చదని ఎవరన్నారు?

కడలి అల: అక్కడి కుర్రకారు ఆ సున్నాను ఏం చేశారో వినండి. ప్రేమలో పడి తనను తాను మరిచినవాణ్ణి ‘బుచిన్’ అంటారు. ‘బుడక్ చింత’, అంటే ప్రేమకు దాసుడు. రెండు మాటల తలలు తీసి అతికించారు. సున్నా పొల్లు నకారమై మిగిలింది, ‘త’ పోయింది. కదలడానికి బద్ధకం (మలస్ గెరాక్) ‘మగెర్’ అయింది. ప్రతి మాటనూ మనసుకు పట్టించుకోవడం (బావ పెరసాఆన్) ‘బాపెర్’. ఆ పెరసాఆన్ కడుపులో మన ‘రస’ ఉంది! అన్నట్టు, 1972 లిపి సంస్కరణ దాకా రోమన్ లిపిలో చకారానికి టి, జె కలిపి రాసేవారు. ఇప్పుడు సి ఒక్కటే. అందుకే మనవాళ్ళు ‘సింత’ అని చదివేస్తారు. చకారమే పలకాలి.

నెమలీక: బుడక్ మన బుడత కాదు కదా? మలేషియాలో బుడక్ అంటే పిల్లవాడే.

తాటాకు: రూపం కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు. అది మలయ్ సొంత మాట. ఇండొనేషియాలో దాసుడనే అర్థమే నిలిచింది.

చుక్కాని: నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. చింతకు ప్రేమ అనే అర్థం ఇక్కడే మొలిచిందా, అక్కడ మొలిచిందా?

గోదావరి గట్టు: ఆ అమ్మాయిని అడిగి శుభలేఖ మళ్ళీ తెప్పించుకున్నాను. సెదర్‌హనే, తాటాకు గారికి కృతజ్ఞతలు. వధూవరుల పేర్ల పైన ‘మెంపెలై’ అని ఉంది. ఇది తమిళుల ‘మాప్పిళ్ళై’ కాదా? వాళ్ళకు అల్లుడు, పెళ్లికొడుకు. ఇక్కడ పెళ్లికూతురికీ అదే మాట వాడారే!