అమ్మానాన్నలతో డాల్మేషియా తీరం, తొమ్మిది రోజులు: ప్లాన్ కాస్త చూడండి

గోదారిగట్టు:
మేము మ్యూనిక్‌లో ఉంటాం. సెప్టెంబరులో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు, వాళ్లను క్రొయేషియా తీసుకెళ్దామని అనుకుంటున్నాం. సొంత కారే. ప్లిట్విట్సే సరస్సుల నేషనల్ పార్కు, జాదర్, క్ర్కా జలపాతాల నేషనల్ పార్కు, స్ప్లిట్, హ్వార్, విస్ ద్వీపాలు, డుబ్రోవ్నిక్, మధ్యలో ఒకరోజు బోస్నియాలోని మోస్తార్. నాన్నకు పాత కోటలంటే పిచ్చి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి, కానీ పడవెక్కితే మాత్రం దిగదు, పాపికొండలు నాలుగుసార్లు చూసింది. మరీ ఎక్కువ పెట్టేశానా?

రెండోకాఫీ:
మోస్తార్ సంగతి తర్వాత, ముందు వాళ్ల వీసా మీద సింగిల్ ఎంట్రీ అని ఉందేమో చూడండి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల గుంపులో ఉంది, బోస్నియా లేదు. సింగిల్ ఎంట్రీతో అటు వెళ్తే మళ్లీ ఇటు రానివ్వరు. ఇంకోటి, స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే పాత తీరం రోడ్డు నెయుమ్ అనే ఊరి దగ్గర కొద్ది దూరం బోస్నియా లోపలినుంచే పోతుంది. 2022లో ఆ ముక్కను తప్పిస్తూ పెల్యెషాట్స్ ద్వీపకల్పం మీదుగా పోయే వంతెన వచ్చాక ఆ బాధ లేదు కానీ, మ్యాప్ నెయుమ్ మీదుగా చూపిస్తే గుడ్డిగా పోకండి.

ఉప్పుగాలి:
ఎక్కువే పెట్టారు. తొమ్మిది రోజుల్లో రోజుకో ఊళ్లో సామాన్లు దింపి ఎక్కించడమే సరిపోతుంది. మ్యూనిక్ నుంచి వస్తూ ప్లిట్విట్సే దగ్గర ఒక రాత్రి ఆగండి, టికెట్‌కు టైమ్ స్లాట్ ఉంటుంది, ముందే కొనాలి. తర్వాత స్ప్లిట్‌లో నాలుగు రాత్రులు. రోమన్ చక్రవర్తి డయోక్లేషియన్ క్రీ.శ. 305 ప్రాంతంలో పదవి వదిలేసి వచ్చి ఉన్న రాజభవనమే ఇప్పటి పాత ఊరు, ఆ గోడల మధ్యే జనం కాపురముంటున్నారు, కిటికీలకు బట్టలారేసి ఉంటాయి. క్రైస్తవులను పీడించిన ఆ మహానుభావుడి సమాధి మందిరమే ఇప్పుడు చర్చి! మీ నాన్నగారిని అక్కడినుంచి కదిలించడం కష్టం.

క్ర్కా స్ప్లిట్ నుంచి ఒక్కరోజులో అయిపోతుంది. స్క్రాడిన్ ఊరినుంచి పడవలో జలపాతం దాకా వెళ్లండి, అమ్మగారికి నచ్చుతుంది. పాత వీడియోల్లో జనం ఈదుతుంటారు, నమ్మకండి, 2021 నుంచి ఆ జలపాతం, స్క్రాడిన్‌స్కి బుక్, దగ్గర ఈత మాన్పించారు.

గులకరాయి:
విస్ మాత్రం తీసేయొద్దు అన్నా. యుగోస్లావియా సైన్యం స్థావరం కాబట్టి 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు, అందుకే పెద్ద హోటళ్ల గోల తక్కువ. హ్వార్ కావాలంటే తీసేయండి.

ఉప్పుగాలి:
విస్ బాగుంటుంది, కాదనను. కానీ స్ప్లిట్ నుంచి ఫెర్రీలోనే రెండు గంటల పైన, అంతకుముందు కారుతో క్యూ. ఆ రోజంతా రేవులోనే పోతుంది. పెద్దవాళ్లతో అయితే మ్లెట్ ద్వీపం నయం. పెల్యెషాట్స్‌లోని ప్రప్రాట్నో నుంచి మ్లెట్‌లోని సోబ్రాకు ఫెర్రీ ఉంది, ద్వీపం పడమటి కొసలో నేషనల్ పార్కు, అందులో రెండు ఉప్పునీటి సరస్సులు, పెద్ద సరస్సు మధ్య చిన్న లంకలో పాత మఠం. టికెట్‌లోనే పడవ కూడా. అక్కడ ఈదొచ్చు కూడా.

గోదారిగట్టు:
వీసా చూశాను, సింగిల్ ఎంట్రీనే. మీరు చెప్పకపోతే కొంప మునిగేది. మోస్తార్, హ్వార్, జాదర్ తీసేశాను, విస్ గురించి ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది. డుబ్రోవ్నిక్ కోటగోడ అమ్మ ఎక్కగలదా?

రెండోకాఫీ:
వద్దండి. దాదాపు రెండు కిలోమీటర్లు, అంతా మెట్లే, నీడ ఉండదు. నాన్నగారిని పొద్దున్న తలుపు తీయగానే పంపేసి, అమ్మగారిని కేబుల్ కారులో స్ర్జ్ కొండ మీదికి తీసుకెళ్లండి, ఊరంతా, ఎదురుగా లోక్రుమ్ ద్వీపం కనిపిస్తాయి. తిండికి వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. బయట బ్లిట్వా అడగండి, ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. కూరగాయల రిసోట్టో (అన్నంతో చేసే వంటకం) అని రాసి ఉన్నా చేపల నీళ్లు పోశారేమో అడిగాకే తినిపించండి, మా అత్తగారి విషయంలో నాకు ఒకసారి అయింది.

గులకరాయి:
నీళ్లలోకి దిగేవాళ్లందరికీ రబ్బరు చెప్పులు కొనండి. ఇసుక బీచ్‌లు తక్కువ, రాళ్లకు నల్లటి ముళ్ల బంతుల్లాంటివి అంటుకుని ఉంటాయి, కాల్లో దిగితే ఆ ముళ్లు ఒక పట్టాన రావు. విస్ మాట మళ్లీ ఆలోచించు అన్నా.