సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపను తరగతిలో ఎలా కూర్చోబెట్టాలి?

ప్రశ్న (ప్రాథమిక బడి టీచర్, ఒడిశాలో పర్లాకిమిడి వైపు):
నమస్కారమండీ. ఒకటో తరగతిలో ఏడేళ్ల పాప చేరింది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండకపోవడం. కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదాని మీదొకటి పడతాయి. కుడిచెయ్యి బాగానే ఆడుతుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, మాట ముద్దగా వస్తుంది. పిల్లలంతా కింద దరీ మీద కూర్చుంటారు. ఈ పాపను గోడవార ప్లాస్టిక్ కుర్చీలో పెడితే పది నిమిషాల్లో కిందికి జారిపోతోంది. బడి అరుగు 18 అంగుళాల ఎత్తు, రోజూ వాళ్లమ్మ ఎత్తుకొచ్చి దించుతోంది. ఇంటి దగ్గరే చదువు చెప్పిస్తే చాలని కమిటీలో కొందరంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ముందు ఏం చెయ్యాలి?

జవాబు 1 (ఫిజియోథెరపీ, గుణుపూర్):
మేడం, ముందు కూర్చోవడం సంగతి చూడండి. నడుము నిలవని పిల్ల ఉన్న ఒక్క మంచి చేత్తో కుర్చీని పట్టుకుంటుంది. ఇక పలక ఏ చేత్తో పట్టుకుంటుంది?

జారిపోయేది కుర్చీ లోతు వల్ల. పెద్దవాళ్ల కుర్చీలో వీపు ఆనదు, పాదాలు గాల్లో వేలాడతాయి, పిరుదులు ముందుకు వచ్చేస్తాయి. దుప్పట్లు కుక్కితే రెండు నిమిషాలు ఆగుతుంది, అంతే.

మీది నేల మీద కూర్చునే తరగతి కాబట్టి కుర్చీ మానేసి కార్నర్ సీటు చేయించండి. అప్పుడు పక్క పిల్లల మొహాలు తన మొహానికి ఎదురుగా ఉంటాయి. ఊళ్లో వడ్రంగి చాలు. రెండు ప్లైవుడ్ పలకలు మూల కలిసేలా, పాప భుజాల ఎత్తుకు. కింద పీట 3 నుంచి 4 అంగుళాలు లేపాలి. తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్న పిల్ల నేల మీద కాళ్లు చాపితే నడుము వెనక్కి గూనిలా వంగిపోతుంది, ఆ ఎత్తు అందుకే. మోకాళ్ల మధ్య గుండ్రటి చెక్కదిమ్మ, ఫోం చుట్టి బిగించాలి. దాన్ని గజ్జల దాకా తేవద్దు, ఒరుసుకుపోతుంది. బెల్టు తుంటి మీదుగా వెయ్యాలి, పొట్ట చుట్టూ కాదు. ముందు చిన్న బల్ల, పొట్ట దగ్గర అర్ధచంద్రంలా కోసి, మోచేతి ఎత్తుకు. ఎత్తు ఎక్కువైతే భుజాలు చెవుల దాకా లేచిపోతాయి.

ఒకే తీరులో అరగంట మించొద్దు. తీసినప్పుడు ఒళ్లు చూడండి. ఎర్రబారిన చోటు 20 నిమిషాల్లో మామూలవకపోతే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టే.

జవాబు 2 (బడి భవనాల పనులు చూసే ఇంజనీరు):
ర్యాంపు లెక్క అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. 18 అంగుళాల అరుగుకు 18 అడుగులు. చోటు లేదని మేస్త్రి 7 అడుగుల్లో కట్టేస్తాడు, ఒప్పుకోకండి, వీల్‌చైరు వెనక్కి తిరగబడుతుంది. 9 అడుగుల దగ్గర 5×5 చదును కట్టి మలుపు తిప్పండి. వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా 3 అంగుళాల గట్టు. పైన నున్నగా రుద్దనివ్వొద్దు, వానలకు పాచి పడుతుంది, చీపురు గీతలు చాలు. చివరికి అందరూ మరిచేది గడప. 2 అంగుళాల గడపకే ముందు చక్రాలు తట్టుకుంటాయి.

జవాబు 3 (రిసోర్సు టీచర్, బ్లాకు స్థాయి):
ఇంటి చదువు మాట కమిటీ తేల్చేది కాదు. 2012 విద్యాహక్కు సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి చదువు *కోరుకునే* హక్కు ఉంది, అంతేగాని దాన్ని బడి వాళ్ల మీద రుద్దకూడదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బళ్లో ఉచిత చదువు 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్‌లోనే ఉంది.

బళ్ల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ లెక్క యూడైస్‌లో పాప పేరు ఎదుట వైకల్యం నమోదైందో లేదో ఈ వారమే చూడండి. అది లేకపోతే ఉపకరణాల లెక్కలోకి పాప రాదు. యూడీఐడీ కార్డుకు (వైకల్య గుర్తింపు కార్డు) ఉంటున్న జిల్లాలోనైనా, వైద్యం జరిగిన ప్రభుత్వాసుపత్రిలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రులకు తిరిగే కుటుంబాలకు ఇది తెలియడం చాలా అవసరం. బడి చదువులకు ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకంలో ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు ఉంది, అడగండి.

మాట ముద్దగా ఉందని బుద్ధి తక్కువ అనుకోకండి. ఒడియాలో అడిగింది అర్థం కాకపోయి ఉండొచ్చు, ముందు తెలుగులో అడిగి చూడండి. అట్ట మీద ఆరు బొమ్మలు పెట్టండి: నీళ్లు, దొడ్డి, నొప్పి, ఔను, కాదు, మళ్లీ. నీళ్ల బొమ్మ కింద 'నీళ్లు' అనీ 'పాణి' అనీ రెండూ రాయండి. పక్క పిల్లలకూ నేర్పండి. చూపించాక పది లెక్కపెట్టేదాకా ఆగండి, చెయ్యి కదలడానికి ఆ టైము పడుతుంది.

దొడ్డికి తీసుకెళ్లడం కష్టమని చాలా చోట్ల నీళ్లు తగ్గిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తాయి, బిగుతు ఇంకా పెరుగుతుంది. బడికి రాగానే ఒకసారి, భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి వేళకు తీసుకెళ్లండి. ఇండియన్ దొడ్డి మీద పెట్టే కమోడ్ స్టూలు, గోడకు పట్టుకునే రాడ్డు ఉంటే చాలు.

భోజనంలో తల వెనక్కి వాల్చి అన్నం పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. గడ్డం కాస్త కిందికి ఉండాలి, చెంచా సగమే నింపాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

ప్రశ్న అడిగిన టీచర్:
వడ్రంగిని రేపే పిలుస్తాను. బల్ల మీద పలక జారితే?

జవాబు 1:
పాత సైకిల్ ట్యూబు కోసి పలక కింద పరచండి. బలపం సన్నగా ఉండి పట్టు చిక్కకపోతే దానికీ ఆ ముక్కే నాలుగు చుట్లు చుట్టండి.