క్లాసిక్ 350కి వెనక క్యారియర్: మూడు బోల్టులు ఎక్కాయి, నాలుగోది ఎక్కట్లేదు

గ్రే క్లాసిక్:
అందరికీ నమస్తే. నాది 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి. మూడు నెలలకోసారి మా ఆవిడా నేనూ హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటాం. ఇన్నాళ్లూ బ్యాగును సీటు చివర రబ్బరు తాడుతో కట్టేవాణ్ణి. "నేను కూర్చోవాలా, బ్యాగు కూర్చోవాలా తేల్చుకో" అని ఆవిడ అనడంతో ఆన్‌లైన్‌లో ఒక క్యారియర్ తెప్పించాను. మూడు బోల్టులు బాగానే బిగిశాయి. నాలుగో చోట హోల్ సగమే కనిపిస్తోంది. మా వీధి మెకానిక్ డ్రిల్లు పెట్టి హోల్ సాగదీస్తానంటున్నాడు. రిటర్న్‌కి ఇంకా మూడు రోజులే టైముంది. ఏం చెయ్యమంటారు?

బండి బాబు:
కొట్టించెయ్ బ్రో. నాదీ అంతే, రెండేళ్లయింది, ఏం కాలేదు.

పాత స్పానర్:
డ్రిల్లు జోలికి పోకండి. ఆ మూడూ గట్టిగా బిగించాకే నాలుగోది పెట్టి చూశారు కదా? అందరం చేసే తప్పే అది. మూడూ వదులు చెయ్యండి. నాలుగింటినీ చేత్తో రెండేసి చుట్లు ఎక్కించి, క్యారియర్‌ని అటూ ఇటూ కదిపి కూర్చోబెట్టాక ఎడమొకటి కుడొకటి చొప్పున కొంచెం కొంచెంగా బిగించండి. హోల్ లోపల పౌడర్ కోటింగ్ (క్యారియర్‌కి వేసిన పెయింటు) పేరుకున్నా బోల్టు దూరదు. దానికి గుండ్రటి ఆకురాయి చాలు. గీకిన చోట ప్రైమర్ పూయండి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇంత చేసినా కలవకపోతే వెల్డింగ్ వేడికి క్యారియర్ ఫ్రేమే వంకరపోయిందని అర్థం. రిటర్న్ చేసెయ్యండి. స్క్రూడ్రైవర్ దూర్చి లాగి మాత్రం బిగించొద్దు. నా థండర్‌బర్డ్‌కి నేను చేసిన ఘనకార్యం అదే. దోర్నాల దాటాక వెనక టక్ టక్ మని శబ్దం. స్టాండ్ వేసి చూస్తే క్యారియర్ ఎడమ కాలు వెల్డింగ్ దగ్గర వెంట్రుక మందాన పగులు. తువ్వాలుతో కట్టి మార్కాపురం దాకా ఇరవై స్పీడులో వచ్చా. బ్యాగులో ఉన్నవి రెండు జతల బట్టలే! లాగి బిగించిన పైపు ఖాళీగా ఉన్నా ఒత్తిడిలోనే ఉంటుంది, ప్రతి గుంతా దాన్ని ఇంకాస్త విరుస్తుంది.

బోల్టు పొడవూ చూసుకోండి. క్యారియర్ పట్టీ మందం మధ్యలోకి వచ్చింది కాబట్టి పాత బోల్టు ఆ మేరకు తక్కువ లోపలికి వెళ్తుంది. ఎం8 (8 మి.మీ. లావు) బోల్టయితే ఒక చుట్టుకు 1.25 మి.మీ. దిగుతుంది, కనీసం ఏడు చుట్లయినా పట్టాలి. అలాగని మరీ పొడవుదీ వెయ్యొద్దు. కొస మడ్‌గార్డ్ లోపలికి పొడుచుకొస్తే, బరువుతో గుంతలో పడ్డప్పుడు టైరు దానికి తగులుతుంది.

గ్రే క్లాసిక్:
అన్నా, పొద్దున్నే అన్నీ వదులు చేసి చూశా. మూడొంతులు కనిపించింది, మిగతాది పెయింటే. ఆకురాయితో నాలుగు రుద్దులకు దూరిపోయింది! మెకానిక్ మొహం చూడాలి. మీరన్నట్టు చుట్లు లెక్కపెడితే పాత బోల్టుకి నాలుగే వచ్చాయి, కొత్తవి కొన్నా. ఇక దీని మీద ఎంత బరువు పెట్టొచ్చు?

పాత స్పానర్:
క్యారియర్ మీద రాసిన కిలోల్లో పెట్టె బరువు కూడా కలిపి చూసుకోండి. నేనైతే సామాను ఐదు కిలోలు దాటనివ్వను. వెనక చక్రం ఇరుసు దాటి బరువు ఎంత వెనక్కి పోతే హ్యాండిల్ అంత తేలికైపోతుంది. ఘాట్ మలుపుల్లో అది నచ్చదు. నీళ్ల సీసాలు, టూల్స్ పక్క సంచుల్లో కిందకి పెట్టి, పైన బట్టలే ఉంచండి. వెనక షాక్స్‌కి (షాక్ అబ్జార్బర్లకి) స్ప్రింగ్ బిగువు మార్చే ఆరు మెట్లుంటాయి, ఇద్దరూ ఎక్కితే ఒకటి రెండు పెంచండి. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి.

బండి బాబు:
ఇది చదివి నాది విప్పి చూశా. సాగదీసిన హోల్ కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, వాషర్ సగం లోపలికి దిగిపోయింది. అన్నా, ఇప్పుడేం చెయ్యాలి?

పాత స్పానర్:
ఫొటో పెట్టు తమ్ముడూ. అప్పటిదాకా దాని మీద ఏమీ కట్టకు.

గ్రే క్లాసిక్:
ఆదివారం వెళ్లొచ్చాం. డిండి దగ్గర టీకి ఆగినప్పుడు స్పానర్ వేసి చూస్తే కుడి వెనక బోల్టు పావు చుట్టు తిరిగింది. తిరుగు ప్రయాణంలో మళ్లీ చూశా, కదల్లేదు. మా ఆవిడ సీటంతా తనదే అంటూ దారిపొడవునా కునికిపాట్లు పడింది, నా టెన్షన్ నాది.