"ఎడతెగక" అనే మాటలో ఆ "ఎడ" ఏమిటి?

గ్రూపు సభ్యులందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న మాట ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పొడవైన పోస్టు, ఓపిగ్గా చదవండి.

"యెడతెగక ప్రార్థనచేయుడి." థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 5వ అధ్యాయం, 17వ వచనం. రెండే మాటలు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాళ్లకు ఇది చిన్నప్పుడే కంఠతా వచ్చేస్తుంది. నాకూ అలాగే వచ్చింది. చాలా ఏళ్లు ఈ వచనం నన్ను భయపెట్టింది కూడా. "ఎడతెగక" అంటే "ఒక్క క్షణం కూడా ఆపకుండా" అని నా మనసులో ముద్ర పడిపోయింది. ఒకప్పుడు మా ఇంట్లో ఒకరు జబ్బుపడి నెలల తరబడి మంచంలో ఉన్నారు. పగలు పని, రాత్రి జాగారం. మోకాళ్లూనితే నిద్ర ముంచుకొచ్చేది. బైబిలు తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. అప్పుడు ఈ వచనం గుర్తొస్తే ఓదార్పు కలగకపోగా టెన్షన్ పెరిగేది. నా భక్తి తెగిపోయిందనే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆ మాటనే విడదీసి చూశాను. ఎడ, తెగక. "ఎడ" అంటే చోటు, మధ్యనుండే ఖాళీ, దూరం. "కాస్త ఎడంగా కూర్చో" అంటాం. విడిపోయి దూరంగా ఉండటాన్ని "ఎడబాటు" అంటాం. ఆగకుండా కురిసే వానను "ఎడతెరిపి లేని వాన" అంటాం. అన్నిటిలోనూ ఉన్నది ఈ "ఎడ"నే. "తెగక" సంగతి చెప్పక్కర్లేదు. అంటే ఎడతెగక అన్నదానికి మధ్యలో తెగిపోకుండా అని అర్థం.

గ్రీకు మూలంలో అక్కడున్న మాట "అదియాలెయిప్తోస్". దాన్ని విడదీసినా ఇదే వస్తుంది: "దియా" అంటే మధ్య, "లెయిపో" అంటే వదలడం, ముందున్న "అ" లేదనడానికి. మధ్యలో వదలకుండా. తెలుగు చేసినవాళ్లు "ఎల్లప్పుడు" అని తేలిగ్గా సరిపెట్టేయవచ్చు. అలా చేయకుండా, ముక్కకు ముక్క సరిపోయే అచ్చ తెలుగు మాట వెతికి పెట్టారు. నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం.

ప్రార్థనను ఒక తాడు అనుకోండి. తాడు వదులవ్వడం వేరు, తెగడం వేరు. ఆ పత్రికలోనే ఇంకో సంగతి ఉంది. మీకు భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడి పనిచేశామని 2వ అధ్యాయం 9వ వచనంలో పౌలు అంటాడు. ఆయన వృత్తి డేరాలు కుట్టడం అని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. రాత్రింబగళ్లు చేతులతో కష్టం చేసిన మనిషే, ఆ ఉత్తరంలోనే, యెడతెగక ప్రార్థించమన్నాడు. పని మానేసి ప్రార్థించమనడం ఆయన ఉద్దేశం కాదని తెలిసిపోతోంది. పని జరుగుతున్నంతసేపూ ఆ తాడు చేతిలోనే ఉంది. ఇది అర్థమయ్యాక ఆ జబ్బు గదిలో గడిపిన రాత్రులు నాకు వేరేగా కనబడ్డాయి.

అసలు నేను చెప్పాలనుకున్నది దీని తోబుట్టువు లాంటి ఇంకో మాట గురించి. "ప్రొస్కర్తెరెఓ" అని గ్రీకులో ఒక క్రియ ఉంది. "ప్రొస్" అంటే వైపు, దగ్గర. "కర్తెరెఓ" అంటే గట్టిగా నిలబడటం. ఒకదాన్ని ఆనుకుని గట్టిగా నిలిచి ఉండటం అన్నమాట. భక్తిలో క్రమం తప్పకుండా ఉండటానికి కొత్త నిబంధనలో ముఖ్యమైన మాట ఇదేనని నా అభిప్రాయం. ఈ క్రియ కొత్త నిబంధనలో పదిసార్లు వస్తుంది. మన పాత తెలుగు అనువాదం దీన్ని ఒకే మాటతో సరిపెట్టలేదు. తొలి సంఘం బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో "ఎడతెగక యుండిరి" (కార్యములు 2:42). అదే అధ్యాయంలో నాలుగు వచనాల తర్వాత వాళ్లు ప్రతిదినం దేవాలయంలో "తప్పక" కూడుకొన్నారు. రోమా 12:12లో "ప్రార్థనయందు పట్టుదల". కొలొస్సయులకు 4:2లో "ప్రార్థనయందు నిలుకడగా". ఎఫెసీయులకు 6:18లో దీని నామవాచకం వస్తుంది, అక్కడ "పూర్ణమైన పట్టుదల".

ఎడతెగక, తప్పక, పట్టుదల, నిలుకడ. గ్రీకులో ఒకటే, తెలుగులో నాలుగు. ఒకే మాట వాడి ఉంటే పోలిక తేలిగ్గా తెలిసేది కదా అని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. "తప్పక"లో వేళ ఉంది, ఆ వేళకు అక్కడ ఉండాలి. "పట్టుదల"లో చెయ్యి ఉంది, పట్టు విడవకూడదు. "నిలుకడ"లో కాళ్లున్నాయి, అటూ ఇటూ పరుగెత్తకూడదు. భక్తి జీవితానికి ఇవన్నీ కావాలి.

నన్ను బాగా కదిలించింది మాత్రం కార్యములు 10:7. కొర్నేలీ అనే శతాధిపతి, తన యొద్ద ఎల్లప్పుడు "కనిపెట్టుకొని యుండువారిలో" భక్తిపరుడైన ఒక సైనికుణ్ణి పిలుస్తాడు. అక్కడా ఇదే క్రియ. "కనిపెట్టుకొని" అని చదవగానే విశ్వాసులకు 27వ కీర్తన గుర్తొస్తుంది: "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము." కొత్త విషయం కనుక్కోవడాన్ని ఇప్పుడు కనిపెట్టడం అంటున్నాం గానీ, ఇక్కడ అర్థం కన్ను పెట్టి ఉండటం. ఆ సైనికుడి కన్ను యజమాని మీద ఉంది. ఏ పని చెబుతాడో తెలియదు, ఎప్పుడు చెబుతాడో తెలియదు. పిలిచినప్పుడు దగ్గరే ఉన్నాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, ఇది హెచ్చరిక లాంటిది. కార్యములు 8:13లో గారడీ చేసే సీమోను బాప్తిస్మం పొంది ఫిలిప్పును "ఎడబాయకుండి" అద్భుతాలు చూసి ఆశ్చర్యపోతాడు. ఇదీ అదే క్రియ! పైకి చూస్తే అతనికీ నిలుకడ ఉంది. కానీ కొద్ది వచనాల తర్వాత, పరిశుద్ధాత్మను ఇచ్చే శక్తిని అతను డబ్బిచ్చి కొనబోతే, పేతురు అతనితో నీ హృదయం దేవుని ఎదుట సరిగా లేదంటాడు. అతను ఆనుకున్నది శక్తిని. కాబట్టి ఈ మాటలో ఎంత క్రమం ఉందో చూడటంతోపాటు, దేన్ని ఆనుకున్నామో కూడా చూసుకోవాలి.

మీ ఆలోచనలు రాయండి.

ఒక సభ్యుడి వ్యాఖ్య: మంచి పోస్టండీ. చిన్న సందేహం. మీరు ఒకచోట "ఎడతెగక" అని, ఇంకోచోట "యెడతెగక" అని రాశారు. ఏది సరైనది?

నా జవాబు: రెండూ ఒకటేనండీ. ముందున్న మాట అచ్చుతో ముగిసినప్పుడు మధ్యలో "య" వచ్చి చేరుతుంది, యడాగమం. ఆ వచనంలో ముందుమాట "ఉండుడి" కాబట్టి "యెడతెగక" అయింది. మీ ప్రశ్న వల్ల ఇంకోటి గుర్తొచ్చింది. "దేవునియెడల భక్తి" అంటాం కదా, ఆ "యెడల"లో ఉన్నదీ చోటు అనే అర్థమున్న ఈ "ఎడ"నే. ఒకే మాట దగ్గరికి చేర్చడానికీ, దూరం చెప్పడానికీ పనికొస్తోంది.

మరో సభ్యురాలి వ్యాఖ్య: నేను క్రైస్తవురాలిని కాను, భాష మీద ఇష్టంతో చదివాను. మీరు ఇంత రాశారు గానీ "క్రమశిక్షణ" అనే మాట ఎక్కడా వాడలేదు. కావాలనే వదిలేశారా?

నా జవాబు: కావాలనే వదిలేశాను మేడమ్, మీరు బాగా పట్టుకున్నారు. ఆ మాటలో ఉన్న "శిక్ష" దగ్గర నాకో చిక్కు ఉంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, నేర్చుకోవడం. హిందీలో ఇప్పటికీ చదువనే అర్థం. తెలుగులో ఒంటరిగా "శిక్ష" అంటే జైలు, జరిమానా గుర్తొస్తాయి. "శిక్షణ"లో మాత్రం పాత అర్థం మిగిలి ఉంది. మా గ్రంథంలో "ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను" పిల్లల్ని పెంచమని ఎఫెసీయులకు 6:4లో తండ్రులకు చెప్పారు. మూలంలోని మాట "పయిదెయ", పిల్లవాడు అనే మాట నుంచి పుట్టింది, బిడ్డను తీర్చిదిద్దే పెంపకం. అదే వచనం మొదట్లో పిల్లలకు కోపం రేపవద్దని ఉంది. ఈ కాలపు తండ్రి "శిక్ష" ఒక్కటే విని బెత్తం తీసుకుంటే వచనంలో సగమే విన్నట్టు.

అలాగని మెత్తబరచి చెప్పను. హెబ్రీయులకు 12:6లో "శిక్షించి" తర్వాత "దండించును" అని కూడా ఉంది, అక్కడ మూలంలో కొరడా మాటే ఉంది. బాధ లేదని ఆ అధ్యాయం అనదు. కానీ 11వ వచనంలో ఆ శిక్షలో "అభ్యాసము కలిగినవారికి" ఫలం వస్తుందంటుంది. ఆ అభ్యాసం గ్రీకులో "గుమ్నజో", వ్యాయామశాలకు చెందిన మాట. తిమోతితో పౌలు "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అన్నప్పుడూ ఇదే క్రియ. సాధకం అంటే మీకు తెలియంది కాదు, సంగీతం నేర్చుకునేవాళ్లు రోజూ చేసేదే. క్రమశిక్షణకు బదులు నేనైతే "సాధకం" అంటాను. శిక్షకు భయపడి చేసేవాడు చూసేవాళ్లు లేకపోతే మానేస్తాడు. సాధకం చేసేవాడు ఒంటరిగా ఉన్నా చేస్తాడు.

ఒక చెల్లెలి వ్యాఖ్య: అన్నా, వందనాలు. మనసులో మాట అడుగుతున్నా. ప్రార్థన, వాక్యం మానలేదు. కానీ నా జీవితంలో దేవుని ప్రణాళిక ఏంటో ఎంత అడిగినా తెలియట్లేదు. ఏ దారో తెలియకుండా దేన్ని పట్టుకుని నిలుకడగా ఉండాలి?

నా జవాబు: వందనాలమ్మా. ముందు ఆ మాట సంగతి చెబుతాను, తప్పుగా అనుకోకు. "ప్రణాళి" అంటే సంస్కృతంలో నీళ్లు పారే కాలువ. మనం "ప్లాన్"కు బదులుగా "ప్రణాళిక" వాడుతూ, ఇంటి నక్షాలాగా ముందే అంతా చేతికి రావాలనుకుంటున్నాం. మన పాత అనువాదం రోమా 8:28లో "సంకల్పము" అంది, యిర్మియా 29:11లో "సమాధానకరమైన ఉద్దేశములు" అంది. సంకల్పమూ ఉద్దేశమూ ఉండేది మనసులో. నక్షా చేతికి రాకపోయినా ఎదుటి మనిషి మనసును నమ్మవచ్చు.

యిర్మియా 29వ అధ్యాయం మొత్తం చదివి చూడమ్మా. మనం 11వ వచనం ఒక్కటే కార్డుల మీద రాసుకుంటాం. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండు సంవత్సరాల్లో అంతా తిరిగొస్తుందని చెప్పాడు. యిర్మియా 70 సంవత్సరాలన్నాడు. హనన్యా మాటే తియ్యగా ఉంది, కానీ అది అబద్ధమయింది. 70 ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. వాళ్లకు దేవుడు చెప్పిన పని ఏమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. దేవుని ఉద్దేశం నెరవేరే దారిలో వాళ్ల వంతు అదే.

దానియేలు కూడా ఆ చెరలో ఉన్నవాడే. రాజుకు తప్ప ఇంకెవరికీ ప్రార్థించకూడదనే శాసనం మీద సంతకం పడిందని తెలిశాక ఆయన కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. "యథాప్రకారముగా అనుదినము ముమ్మారు" మోకాళ్లూనాడు. అన్యుడైన రాజు కూడా ఆయన దేవుణ్ణి "నీవు అనుదినము తప్పక సేవించుచున్న నీ దేవుడు" అన్నాడు. చూశావా, "తప్పక".

దేన్ని పట్టుకోవాలని అడిగావు. మన పట్టు కంటే ముందు ఆయన పట్టు ఉందమ్మా. "నిన్ను ఎన్నడును ఎడబాయను" అని హెబ్రీయులకు 13:5లో ఆయనే అన్నాడు. "క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపువాడెవడు?" అని పౌలు అడిగాడు. అక్కడా ఈ "ఎడ"నే. ఆయన ఎడబాయడు కాబట్టే మనల్ని ఎడతెగక ఉండమంటున్నాడు. నా జబ్బు గది రోజుల్లో ఇది తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

ప్రొస్కర్తెరెఓ పదిసార్లు వస్తుందన్నాను కదా. అందులో ఒకటి మనిషి గురించి కాదు, పడవ గురించి. మార్కు 3:9లో, జనం మీద పడుతున్నారు కాబట్టి తనకోసం చిన్నదోనె ఒకటి సిద్ధపరచి ఉంచమని యేసు శిష్యులతో అంటాడు. ఆ "సిద్ధపరచి యుంచడం" అనే చోట మూలంలో ఉన్నది ఈ క్రియే. దోనె ఆయన్ని ఎడబాయకుండా ఒడ్డునే ఉండాలి. ఆ అధ్యాయంలో ఆయన ఆ దోనె ఎక్కినట్టు లేదు, తర్వాత కొండెక్కినట్టు ఉంది. 4వ అధ్యాయం మొదట్లో ఒక దోనె ఎక్కి కూర్చుని, ఒడ్డున ఉన్న జనానికి విత్తువాని ఉపమానం చెప్పాడు. అది ఈ దోనేనో కాదో మార్కు రాయలేదు.