వాణిజ్య బృందంతో 8,000 మీటర్ల శిఖరం: ఏర్పాట్లన్నీ ఉన్నా మిగిలే ప్రమాదం ఏమిటి?

ప్రశ్న: హిమబిందు

ఆరు వేల మీటర్ల స్థాయి శిఖరారోహణ అనుభవంతో, ఇప్పుడు 8,000 మీటర్లు దాటిన శిఖరానికి ఒక వాణిజ్య సంస్థ బృందంతో వెళ్లాలని ఆలోచిస్తున్నాను. పైదాకా తాళ్లు ముందే బిగించి ఉంటాయనీ, ప్రతి ఒక్కరి వెంటా ఒక షెర్పా ఉంటారనీ, ఆక్సిజన్‌కు లోటుండదనీ సంస్థవారు చెబుతున్నారు. ఇన్ని ఏర్పాట్లున్నా మరణాలు ఎందుకు ఆగడం లేదో, డబ్బు కట్టేముందు నేను వారిని ఏమడగాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: రామ్మోహన్

హిమబిందు గారూ, ఆ ఏర్పాట్లన్నీ ఎక్కే శ్రమను తగ్గిస్తాయి. కానీ 8,000 మీటర్ల ఎత్తున ఆక్సిజన్ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతు మాత్రమే; అక్కడ ఎన్నాళ్లున్నా శరీరం అలవాటు పడదు, క్షీణిస్తూనే ఉంటుంది. మెదడులో వాపు వచ్చినా, ఊపిరితిత్తులలో నీరు చేరినా అసలు చికిత్స కిందికి దిగడమే, మందులు అందుకు కొంత వ్యవధిని మాత్రమే ఇస్తాయి. నడవలేని మనిషిని అంత ఎత్తు నుంచి దించాలంటే పలువురు గంటల తరబడి శ్రమించాలి కనుక, పక్కన ఒక్క షెర్పా ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు వెనుదిరిగే నిర్ణయం దగ్గర వస్తుంది. 1996 మే 10న ఎవరెస్టుపై రెండు వాణిజ్య బృందాలు ఒకేసారి పైకి వెళ్లాయి. తాళ్లు బిగించని చోట్ల ఆగవలసి రావడంతో ఆలస్యమైంది; మధ్యాహ్నం రెండు దాటితే వెనుదిరగాలన్న మాట ఉన్నా, పలువురు ఆ తరువాతే శిఖరం చేరారు. దిగే వేళకు తుపాను కమ్ముకుంది. రెండు బృందాల నాయకులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఇద్దరూ మరణించారు. అంతకుముందు ఏడాది శిఖరానికి చేరువలో హాల్ వెనక్కి తిప్పిన డగ్ హాన్సెన్ ఆ రోజు మళ్లీ ఆయన వెంట ఉన్నారు. హాన్సెన్ కూడా తిరిగి రాలేదు. అంత సొమ్ము కట్టి, ఒకసారి నిరాశతో వెళ్లిన మనిషికి రెండోసారి కూడా ‘ఇక చాలు’ అని చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టమేనని నా అభిప్రాయం. అందుకే ఎంతమందిని ఎక్కించారన్న లెక్క పక్కన పెట్టి, ఎవరిని ఎక్కడి నుంచి ఏ కారణంతో వెనక్కి తెచ్చారో అడగండి.

జవాబు: సుధారాణి

తాళ్ల గురించి ఒక మాట. 2008 ఆగస్టులో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 మీద బాటిల్‌నెక్ అనే ఇరుకు దారికి పైన వేలాడుతున్న మంచుగడ్డ విరిగి, బిగించిన తాళ్లను తెంచుకుపోయింది. పైన చిక్కుకున్నవారిలో కొందరు తాడు లేకుండా దిగగలిగారు, కొందరు దిగలేకపోయారు; ఆ విషాదంలో మొత్తం 11 మంది మరణించారు. తాడు పట్టుకుని ఎక్కడం వచ్చినంత మాత్రాన పర్వతారోహణ వచ్చినట్టు కాదు.

రద్దీ కూడా ఇందులో భాగమే. 2019 వసంతంలో నేపాల్ ఎవరెస్టుకు 381 అనుమతులు ఇచ్చింది. సిబ్బందిని కలిపితే ఆ సంఖ్య ఎంతో పెరుగుతుంది. వాతావరణం అనుకూలించే రోజులు కొద్దే కాబట్టి అందరూ ఒకే తాడు మీద వరుస కడతారు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పది గంటలు వచ్చే సిలిండర్ నాలుగు లీటర్లకు పెంచితే ఐదు గంటలే వస్తుంది, వరుసలో కదలకుండా నిలబడినా అది ఖర్చవుతూనే ఉంటుంది.

ఇక మనం పెద్దగా మాట్లాడని సంగతి సిబ్బందిది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ అనే పగుళ్ల మంచు వాలులో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. మనం కొద్దిసార్లు దాటే ఆ దారిని, మన గుడారాలూ సిలిండర్లూ మోస్తూ వారు పదే పదే దాటుతారు. వారి బీమా మొత్తం ఎంతో సంస్థను తప్పక అడగండి.

హిమబిందు

ఇద్దరికీ ధన్యవాదాలు. సంస్థ ఇచ్చిన ఒప్పందంలో సిలిండర్ల సంఖ్య ఉంది గానీ వెనుదిరిగే గడువు ప్రస్తావన లేదు. ఆ నిర్ణయం వెంట ఉన్న షెర్పాదా, బేస్ క్యాంపులోని నాయకుడిదా?

జవాబు: రామ్మోహన్

రెండు పద్ధతులూ ఉన్నాయి. ఎవరిదైనా, ఆ మాట అంతిమమని రాతపూర్వకంగా తీసుకోండి. వెంట ఉన్న షెర్పా దిగమన్నప్పుడు క్లయింటు ఎదురుచెబితే సంస్థ ఎవరి పక్షాన నిలుస్తుందో కూడా అందులోనే రాయించండి. శిఖరం చేరితే షెర్పాకు విడిగా బోనస్ ఇచ్చే పద్ధతి ఉంటే, వెనక్కి తెచ్చినా అదే మొత్తం ఇస్తారేమో కనుక్కోండి.